‘ముందు ఆపరేషన్, తర్వాత బిల్లులు’: ఆ సందేశాన్ని నమ్మి పొలం అమ్ముకోకండి

కిడ్నీ గానీ కాలేయం గానీ మార్పించుకోవలసిన పేదలకు ‘శుభవార్త’ అంటూ ఒక పొడవాటి సందేశం కొంతకాలంగా వరంగల్, హన్మకొండ గ్రూపుల్లో తిరుగుతోంది. మా కాలనీ గ్రూపులో వచ్చింది, పదో తరగతి మిత్రుల గ్రూపులో వచ్చింది. అందులో తప్పులున్నాయని నేను రాసిన గ్రూపులోనే మర్నాడు పొద్దున మరొక మిత్రుడు దండం బొమ్మతో సహా మళ్లీ పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడని తెలుసు కనుక ఆయన్ను ఏమీ అనలేక, సందేశానికే జవాబు రాస్తున్నాను.

ఆ సందేశం చెప్పేది క్లుప్తంగా ఇది. ఆరోగ్యశ్రీ ఉంటే ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనైనా అవయవ మార్పిడి ఉచితం. లేకున్నా భయం లేదు, అప్పో సప్పో చేసి ముందు ఆపరేషన్ చేయించుకుని తర్వాత బిల్లులు పెడితే ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి నిధి కలిసి ఖర్చంతా వాపసు ఇస్తాయి. నిన్న ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయిన దంపతుల నాలుగు కిడ్నీలు సిద్ధంగా ఉన్నాయి, ఫలానా నంబరుకు ఫోన్ చేయండి. ఆపరేషన్ తర్వాత ఇక ఖర్చు ఉండదు. ఈ సందేశం పంపిన ప్రతిసారీ ఒక రోగికి రూపాయి చేరుతుంది. అడగడానికి సిగ్గుపడకండి.

రూపాయి ఎవరికీ చేరదు. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

ఆ దంపతులకు ఏళ్ల తరబడి ‘నిన్న’నే ప్రమాదం జరుగుతోంది. ఐసులో భద్రపరిచిన కిడ్నీ ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు పనికొస్తుంది. ఈ నాలుగు మాత్రం ఇన్నేళ్లుగా తాజాగానే ఉన్నాయి. మరణించినవారి అవయవాలు మన రాష్ట్రంలో ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ ద్వారానే కేటాయింపు అవుతాయి. దాని కార్యాలయం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, రోగి పేరును నమోదు చేయించేది చికిత్స చేస్తున్న ఆసుపత్రి. ఫోన్‌లో ‘రిజిస్ట్రేషన్’ కోసం డబ్బు పంపమన్నవాడు దొంగ. ఒకవేళ నిజంగానే కిడ్నీ అమ్మేవాడు దొరికినా అది ఇంకా పెద్ద గండం. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం కొన్నవారికైనా, అమ్మినవారికైనా, మధ్యవర్తికైనా 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా. ఆ కేంద్ర చట్టాన్ని 2025లో మన శాసనసభ కూడా స్వీకరించింది.

ఆరోగ్యశ్రీ మాట సగం నిజం. 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచిన మాట వాస్తవమే, నిమ్స్, ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పథకం కింద మార్పిడులు జరుగుతున్న మాటా వాస్తవమే. కానీ ‘ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనైనా’ అన్నది రాసినవాడి ఉదారత తప్ప మరేమీ కాదు. ఆసుపత్రి పథకంలో ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ నిర్దిష్ట చికిత్సకు కూడా ఒప్పందం ఉండాలి. ఈ సంగతి ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగాలి. ప్రైవేటులో కాలేయ మార్పిడి ఇరవై లక్షలు దాటడం మామూలే కనుక, పది లక్షల పరిమితిని తలచుకుని ధైర్యంగా చేరితే మిగతా సగం ఎవరిస్తారో ఆ సందేశమే చెప్పాలి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం, ‘ముందు ఆపరేషన్ చేయించుకోండి, తర్వాత బిల్లులు పెట్టండి’ అన్నది. మిగిలినవన్నీ ఎవరో ఒకరు నవ్వుకుని వదిలేసేవి. దీన్ని మాత్రం నమ్ముతారు. నమ్మి, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వేసిన డబ్బుకు తోడు ఇంకో మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి, చిట్టీ ఎత్తి, అదీ చాలకపోతే ఎకరం అమ్మి ఆపరేషన్ చేయిస్తారు. ఆ తర్వాత ఫైలు పట్టుకుని తిరుగుతారు. అప్పటికి చాలా తలుపులు మూసుకుని ఉంటాయి, ఎందుకంటే ఈ సాయాల్లో ఎక్కువ భాగం పెట్టబోయే ఖర్చుకే ఇస్తారు, పెట్టేసిన ఖర్చుకు కాదు.

ఒక్కొక్కటి చూడండి. ఆరోగ్యశ్రీలో చికిత్సకు ముందే అనుమతి రావాలి. సొంత డబ్బుతో ఆపరేషన్ అయ్యాక కార్డు చూపిస్తే ప్రయోజనం లేదు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి 1948లో దేశ విభజన బాధితుల కోసం మొదలై, ఇప్పుడు కిడ్నీ మార్పిడి, గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ వంటి వాటికీ సాయం చేస్తోంది. కానీ అది ఖర్చులో కొంత భాగమే, ఆ సొమ్ము కూడా నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా అయి ఉండాలి, ఆ నిధి జాబితాలోనైనా ఉండాలి. దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం, నివాస రుజువు, ఫొటోలు, అన్నిటికంటే ముఖ్యంగా వ్యాధి ఏమిటో, ఎంత ఖర్చవుతుందో డాక్టరు రాసిచ్చిన అసలు కాగితం కావాలి. కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే రాష్ట్రీయ ఆరోగ్య నిధి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, అదీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్సకు మాత్రమే. అయిపోయిన ఖర్చును అది తిరిగి ఇవ్వదని నిబంధనల్లోనే ఉంది.

చికిత్స తర్వాత బిల్లులకు సాయం చేసేది ముఖ్యమంత్రి సహాయ నిధి. సందేశం రాసినవాడు ఈ ఒక్కదాన్ని చూసి మిగతావాటికీ అదే పద్ధతి అంటగట్టినట్టున్నాడు. కానీ అదీ ఖర్చంతా ఇవ్వదు, అందులో కొంతే ఇస్తుంది. 2024 జూలై నుంచి దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటున్నారు, ఎమ్మెల్యే లేదా ఎంపీ సిఫార్సు లేఖ జతచేయాలి, అసలు బిల్లులు ఇవ్వాలి. చెక్కు మీద ఖాతా నంబరు కూడా ముద్రిస్తున్నారు కనుక దరఖాస్తులో రాసిన అంకెల్లో ఒక్కటి తప్పినా చెక్కు చేతికొచ్చాక బ్యాంకు చుట్టూ తిరగాలి. ఇదే నిధి నుంచి నిమ్స్‌లో చేరేవారికి ఆపరేషన్‌కు ముందే ఎల్‌ఓసీ, అంటే ఇంత సొమ్ము నిధి చెల్లిస్తుందని ఆసుపత్రికి హామీ ఇచ్చే పత్రం, ఇచ్చే పద్ధతి ఉంది. నర్సంపేట నుంచో భూపాలపల్లి నుంచో వచ్చే కుటుంబానికి అన్నిటికంటే పనికొచ్చే మాట అదే, సందేశంలో లేనిదీ అదే.

అందుచేత ఖర్చు అంచనా రాసిన ఆ కాగితం, అంటే ఎస్టిమేషన్ లెటర్, చేతిలో పడిన రోజే పని మొదలుపెట్టాలి. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రోగి పేరు, చేయబోయే ఆపరేషన్, మొత్తం ఖర్చు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే నిలబడి చదువుకోవాలి. ఆధార్‌లో కొమురయ్య, రేషన్ కార్డులో కొంరయ్య, లెటర్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయని కె. కొమురయ్య అయితే ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుకోవడానికే రోజులు పోతాయి. కాలేయం హఠాత్తుగా పూర్తిగా చెడిపోయినవారికి ఇంత తీరిక ఉండదని ఒప్పుకుంటాను, వారికి ప్రాణమే ముందు. కానీ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో నెలల తరబడి డయాలసిస్ చేయించుకుంటూ, 2,016 రూపాయల చేయూత (పాత ఆసరా) పెన్షన్ కూడా తీసుకుంటున్న కిడ్నీ రోగికి కావలసినంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధినే ఈ సందేశం మింగేస్తోంది.

చిత్రమేమిటంటే, సందేశంలో నేను కాదనలేనిది కూడా ఒకటుంది. ‘అడగడానికి సిగ్గుపడకండి’ అన్న మాట పూర్తిగా సరైనది. పరువు పోతుందని ఊళ్లో చెప్పుకోకుండా, పొలం అమ్మడానికే సిద్ధపడే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. పైగా రాసినవాడెవరో గానీ చదివినవాడికి అర్థమయ్యే తెలుగు రాశాడు. ప్రభుత్వ పథకాల కాగితాలు అంత తేటగా ఉంటే ఈ సందేశం ఇన్ని గ్రూపులు తిరిగేదే కాదు. తప్పుడు సమాచారం రాసేవాడికి ఉన్న భాష మీది శ్రద్ధ అధికారులకు లేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇక ‘ఆపరేషన్ తర్వాత ఖర్చు ఉండదు’ అన్నది. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్, మైకోఫినొలేట్ వంటి మందులు బతికినంతకాలం వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించాలి. డబ్బులు లేవని మందు ఆపితే పెట్టిన లక్షలతో పాటు కిడ్నీ కూడా పోతుంది. ఆరోగ్యశ్రీ కింద మార్పిడి చేయించుకున్నవారికి ఈ మందులు కూడా పథకం నుంచే ఇస్తున్నారు. జాతీయ అవయవ మార్పిడి కార్యక్రమంలో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి మందుల కోసం నెలకు 10,000 రూపాయల వరకు సాయానికి వీలుంది. ఏ దారిన ఆపరేషన్ చేయించుకుంటే ఏ మందులు ఎవరిస్తారన్నది ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను ముందే అడిగి, నెలవారీ మందుల ఖర్చును ఎస్టిమేషన్ లెటర్ కిందనే వేరే లైనులో రాయించుకోండి.