తలుపు వేసుకుంటే ఎవరికి వినపడుతుంది?

ప్రార్థన చేసేటప్పుడు నీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకో అని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉంది. ఆ మాట ఉన్న యేసు కొండమీది ప్రసంగం మీద నాకు భక్తి తక్కువేమీ కాదు. కానీ ఆ మాట చిత్తూరును దృష్టిలో పెట్టుకుని చెప్పింది కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. గ్రీమ్స్‌పేటలో అద్దెకుండేవాడికి గది అంటూ ఉండేది ఒక్కటే. అందులో మంచం, కుట్టుమిషన్, బియ్యం మూట, టీవీ, టీవీ ముందు అత్తగారు. పట్టపగలు తలుపేసుకుంటే పక్క పోర్షన్ ఆమె వచ్చి తడుతుంది, "ఏంమ్మా, ఒంట్లో బాగలేదా?" అని. సరే, ఇదంతా చిన్న ఇబ్బంది. తలుపేసుకుని చేస్తే మనం ప్రార్థన చేశామని ఎవరికి తెలుస్తుంది? అసలు చిక్కు అక్కడుంది.

దేవుడికి తెలుస్తుంది అంటారు. నలుగురికీ కనబడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లు తమ ఫలం పొందేశారని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ప్రభువు దాన్ని హెచ్చరికగా చెప్పాడు, మనవాళ్లు హామీగా తీసుకున్నారు. ఫలం ఎప్పుడో వస్తుందని కాచుకుని కూర్చోవడం కంటే అక్కడికక్కడే చేతికి రావడం మేలు కదా. ప్రార్థన కూటం అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఎవరో ఒకాయన "మీ ప్రార్థనలో ఏం అభిషేకం బ్రదర్!" అన్నాడంటే ఆ వారానికి అది చాలు.

మీరు అడగక ముందే మీకేం కావాలో తండ్రికి తెలుసు అన్న మాట కూడా అక్కడిదే. అది నిజమే గానీ, వివరాలు తారుమారు అవుతాయేమోనని మా జాగ్రత్త మాది. "తండ్రీ, నీ దాసుని రెండో కుమారునికి ఈ సోమవారం ఉదయం పదిన్నరకు బెంగళూరు కోరమంగళలో, ఆరో బ్లాకులో, మూడో అంతస్తులో ఇంటర్వ్యూ ఉన్నదయ్యా, జీతం ఏడాదికి పద్నాలుగు లక్షలు తండ్రీ." జీతం సంగతి పరలోకానికి దేనికి అంటారా? అది వెనక వరసలో కూతురికి సంబంధాలు చూస్తున్న సిస్టర్ గారికి. చివర్లో "నీ చిత్తమైతే" అని తగిలిస్తారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆ మాట అనడానికి ప్రభువు మూడుసార్లు వెళ్లి ప్రార్థించాల్సి వచ్చింది. మనకు ఒక్క గుక్కలో వచ్చేస్తుంది. తేదీ, చోటు, జీతం మనమే ఖాయం చేశాక ఆయన చిత్తానికి మిగిలే పని ఏముంటుంది గనక.

ఇంతకంటే నైపుణ్యం కావలసిన ప్రార్థన ఇంకోటి ఉంది. పిలుపు దేవుడికి, కబురు పక్కవాళ్లకి. "కోడళ్లకు అణకువ నేర్పించు ప్రభువా" అని అత్తగారు కళ్లు మూసుకుని కన్నీళ్లతో వేడుకుంటుంటే, టీ గ్లాసులు సర్దుతున్న కోడలు ఏమని జవాబు చెబుతుంది? "ఆ తమ్ముడు సాయంత్రాలు ఎక్కడికి పోతున్నాడో నీవు ఎరుగుదువు" అనగానే, ఆ నిమిషం దాకా ఎరగనివాళ్లందరూ ఎరిగినవాళ్లవుతారు. చాడీలు చెప్పడం పాపం, అందుకని భారంతో ప్రార్థిస్తాం. ప్రార్థన మధ్యలో అడ్డు తగలడం ఎటూ మర్యాద కాదు. చివర్న అందరూ ఆమెన్ అంటారు, కోడలితో సహా. తీర్మానం ఏకగ్రీవం.

ఇంటి కూటాల్లో ముగింపు ప్రార్థన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వంటింట్లో రాగి సంగటి ముద్దలు తట్టలో పెట్టి మూత వేసి ఉంటాయి, పక్కన నాటుకోడి పులుసు. వేడిగా ఉన్నంతసేపే అది సంగటి, ఆరితే రాయి. ముగింపు ప్రార్థనకు పిలిచిన పెద్దాయన ఆదికాండం నుంచి మొదలుపెడతాడు. నోవహు ఓడ ఎక్కేసరికి ఆవిరి తగ్గుతుంది. ఎర్ర సముద్రం పాయలయ్యేసరికి పులుసు మీద తెట్టు కడుతుంది. దావీదు ఇంకా గొర్రెలు కాస్తూనే ఉంటాడు. ఇంటావిడ ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూసి, మళ్లీ గట్టిగా మూసుకుని, పెదవులు కదిలిస్తుంది. "ప్రభువా, ఈయన్ని ఆపు." ఆ సాయంత్రం మొత్తంలో నిజాయితీగా జరిగిన ప్రార్థన అదొక్కటే అని నా అభిప్రాయం. అవసరం నిజమైంది, మాటలు మూడే, ఎవరూ వినాలని చేసింది కాదు.

లూకా సువార్త 18లో ప్రభువు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసింది కూడా ఆ లెక్కలోదే. దూరంగా నిలబడి, పైకి చూడ్డానికైనా ధైర్యం చాలక, రొమ్ము కొట్టుకుని "దేవా, పాపినైన నన్ను కరుణించు" అన్నాడు. అంతే. ఇలాంటివాణ్ణి మా కూటానికి పిలిచి ముగింపు ప్రార్థన ఇస్తే ఏమైనా బాగుంటుందా? జనం ఇంకా గొంతు సవరించుకుంటుండగానే అయిపోతుంది. అదే ఆ కథలో గుడికి వచ్చిన రెండోవాణ్ణి, ధర్మశాస్త్రం తప్పని పరిసయ్యుణ్ణి చూడండి. వారానికి రెండు ఉపవాసాలు, సంపాదనంతటిలో పదో వంతు కానుక. అందులో ఒక్క అబద్ధం లేదు పాపం. ఏ సంఘమైనా అతణ్ణి వచ్చే ఎన్నికల్లో కోశాధికారిని చేస్తుంది. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది మాత్రం సుంకరి అని ప్రభువు తేల్చాడు. ఓటర్ల జాబితా చూడకుండా చెప్పిన తీర్పు అది.

నిడివి మీద నాకు పేచీ లేదు. సొలొమోను మందిర ప్రతిష్ఠ నాడు చేసిన ప్రార్థన పెద్దదే. ప్రభువు రాత్రంతా ప్రార్థించాడని లూకా 6లో ఉంది, కాకపోతే కొండ మీద. మన జిల్లాలో కొండలకు కొదవ లేదు గానీ, అక్కడ ఆంప్లిఫయర్‌కు కరెంటు దొరకదు. అందుకే ఊళ్లోనే, నాలుగు దిక్కులకూ నాలుగు బాకాలు కట్టి రాత్రంతా ప్రార్థిస్తాం. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు చెన్నైలోని ఒక చర్చి కేసులోనే, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తీర్పిచ్చింది. ఇళ్లుండే చోట రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని నియమాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ లోకసంబంధమైన లెక్కలని మా బ్రదర్స్ కొట్టిపారేస్తారు. పోనీ బైబిలు లెక్కే చూద్దామంటే అదీ మనకు కలిసిరాదు. షిలోహు మందిరంలో బిడ్డ కోసం మొరపెట్టుకున్న హన్నా పెదవులు కదిలాయి గానీ స్వరం వినపడలేదు. తాగి వచ్చిందేమో అనుకున్నాడు యాజకుడు ఏలీ. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కేకలు పెడితే, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, ఇంకా గట్టిగా పిలవండని దేవుని ప్రవక్త ఏలీయా ఎగతాళి చేశాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయన చేసిన ప్రార్థన రెండు వచనాలు. ఈ కథను మేము మైకులోనే చదువుతాం, సౌండు కొంచెం పెంచి.

వాట్సాప్ గ్రూపు గురించి ఎక్కువ చెప్పను. ఒకరు ప్రార్థన మనవి పెడతారు, నిమిషంలో డెబ్భై జతల చేతులు జోడించబడతాయి. మరుసటి నిమిషంలో అవే వేళ్లు క్రికెట్ స్కోరు మీద ఉంటాయి.

చిత్తూరు వాళ్లకు జబ్బు ముదిరితే వేలూరు. మిషనరీ డాక్టరమ్మ ఐడా స్కడర్ 1900లో చిన్న డిస్పెన్సరీగా మొదలుపెట్టిన సీఎంసీ ఆస్పత్రి ఉంది, బస్సెక్కితే గంట పైచిలుకు ప్రయాణం. అక్కడ ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద మా ఊరి మహా ప్రార్థనాపరుడు ఒకాయన్ని చూశాను, లోపల ఆయన భార్య ఉంది. ఘనుడా, మహోన్నతుడా, సింహాసనాసీనుడా అని వరసగా దొర్లే బిరుదుల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "అయ్యా... అయ్యా..." అంటాడు, ఆగుతాడు, మళ్లీ "అయ్యా" అంటాడు. చేతిలో ఫార్మసీ చీటీ చెమటకు తడిసి మెత్తబడింది. ఆమెకు నయమైంది, స్తోత్రం. డిశ్చార్జి అయిన ఆదివారమే ఆయన గుడిలో అందరి ముందు సాక్ష్యం చెప్పాడు, ముప్పావుగంట. ఆ రాత్రి తాను పరలోకాన్ని ఎలా కదిలించిందీ, ఏ ఏ వాగ్దానాలు ఎత్తి పట్టిందీ అన్నీ చెప్పాడు, బెంచీ మీద అన్న ఆ ఒక్క మాట తప్ప. ఆ మాట సాక్ష్యంలో పెట్టేంత గొప్పగా లేదనుకున్నాడు కాబోలు.

ఇక మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. మామిడి తోట పంపకంలో బోరుబావి ఎవరి వాటాలోకి వస్తుందన్న దగ్గర మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ మంచి ప్రార్థనాపరులు. ఒకాయన ముందు ఫ్యాను కింద, రెండో ఆయన వెనక ఫ్యాను కింద కూర్చుని, ఒకే కేసులో ఎదురెదురుగా గెలుపు కోసం ఒకే దేవుణ్ణి బతిమాలుతుంటారు. మా పాస్టరు అయ్యగారు ఒకరి తర్వాత ఒకరి తల మీద చెయ్యి పెట్టి ఇద్దరికీ "తథాస్తు" అన్నట్టే ప్రార్థిస్తారు.

దీనికీ కొండమీది ప్రసంగంలో ఒక పద్ధతి ఉంది, 5వ అధ్యాయంలో. కానుక తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా విరోధం ఉన్నట్టు గుర్తొస్తే, కానుక బలిపీఠం ముందే వదిలిపెట్టి, మొదట వెళ్లి అతనితో సమాధానపడి, తర్వాత రమ్మన్నాడు ప్రభువు. ఒక్క ఆదివారం దీన్ని అమలు చేసి చూద్దామని సంఘ పెద్దల మీటింగులో ప్రతిపాదించాను. ఒక పెద్దాయన మనసులో లెక్క వేసుకుని, రెండో పాటకే గుడి సగం ఖాళీ అవుతుంది, పుంగనూరుకీ పలమనేరుకీ బస్సుల్లో సీట్లు చాలవు అన్నాడు. అత్తాకోడళ్లకు వాకిట్లో నీడ కోసం షామియానా వేయించాల్సి వస్తుందని ఇంకొకాయన. కానుకల సంగతేంటని కోశాధికారి కంగారుపడ్డాడు. కానుక అక్కడే వదిలి వెళ్లమని వాక్యంలోనే ఉందని చూపించాక ఆయన ముఖం కొంచెం తేటపడింది.

చివరికి అందరూ ఏకమనస్సుతో ఒక నిర్ణయానికి వచ్చారు, ఈ విషయాన్ని ప్రార్థనలో పెడదామని. పోయిన క్రిస్మస్‌కు ముందు పెట్టారు, ఇంకా అందులోనే ఉంది.