ప్రజలు రాకపోయినా సభ జయప్రదం

ప్రజాస్వామ్యం నీరసించిపోతోందని, పౌరులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మానేశారని ఈమధ్య మేధావులంతా బెంగ పెట్టుకుంటున్నారు. వాళ్లకు పేపరు చదివే అలవాటు తప్పినట్టుంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. వరల్డ్ రికార్డ్స్ యూనియన్ అనే సంస్థ దీన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించి పంచాయతీరాజ్ మంత్రి పవన్ కల్యాణ్ గారికి సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. ప్రజాస్వామ్యం ఏథెన్స్‌లో పుట్టిందంటారు. పుట్టి ఉండొచ్చు. కానీ పాపం వాళ్లు ఒక కొండ మీద ఒక్క సభతో సరిపెట్టుకున్నారు. సర్టిఫికెట్ కూడా లేదు.

ఆ రోజు ఎంతమంది నోరు విప్పారు, ఏం అడిగారు, అడిగినవాటిలో ఎన్ని జరిగాయి అన్న లెక్కలు రికార్డు కిందకు రావు. రాకూడదు కూడా. సభలను లెక్కపెట్టగలం గానీ, అందులో జరిగిన మాటామంతీని కొలిచే పరికరం ఇంకా రాలేదు. (వచ్చిందని అంటున్నారు. ఆ ప్రమాదం గురించి చివర్లో మాట్లాడుకుందాం.)

అసలు గ్రామసభ అంటే ఏమిటో మన పట్నవాసులకు ఒకసారి చెప్పాలి. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం, ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే. శాసనసభ సభ్యుడు కావాలంటే టికెట్ తెచ్చుకోవాలి, కోట్లు పెట్టాలి, ఐదేళ్లకోసారి గల్లీగల్లీ తిరిగి దండాలు పెట్టాలి. గ్రామసభ సభ్యుడికి 18 ఏళ్లు నిండితే చాలు. ఏ పార్టీ ఈ పదవి నుంచి సస్పెండ్ చేయలేదు. జీతం లేదు, కారు లేదు, గన్‌మన్ లేడు. అన్నిటికంటే సుఖమేమిటంటే, సభకు వెళ్లక్కర్లేదు. మనం వెళ్లకపోయినా మన సంతకం వెళ్తుంది.

ఇక్కడ పంచాయతీ కార్యదర్శుల సేవను తలుచుకోకపోతే పాపం తగులుతుంది. రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని, ఓటర్ల సంఖ్యను బట్టి కోరం (కనీస హాజరు) ఉండాలని తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. ఆ చట్టం రాసినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని రాశారు. నాట్ల రోజుల్లో పొద్దున పదకొండింటికి ఊళ్లో ఎవరుంటారో వాళ్లకేం తెలుసు? కార్యదర్శికి తెలుసు. అందుకే జనం సభకు రాకపోతే ఆయన సభనే జనం దగ్గరికి పంపిస్తాడు. రేషన్ షాపు లైనులో ఓ పది సంతకాలు, ఉపాధి పని దగ్గర ఓ ముప్పై, పింఛను కోసం వచ్చిన అవ్వాతాతల వేలిముద్రలు ఓ పాతిక. "ఎందుకు నాయనా ఇంకో వేలిముద్ర?" అని అవ్వ అడిగితే "నీ మంచికేలే అవ్వా" అంటాడు. ఇంతకు మించిన పౌర భాగస్వామ్యం ఏ దేశంలో ఉంది?

తీర్మానాల సంగతికొస్తే, సభ మొదలయ్యేసరికే అవి మినిట్స్ బుక్కులో చక్కటి చేతిరాతతో ఉంటాయి. "సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." నేను చూసిన ఏ పుస్తకంలోనూ ఈ వాక్యం మారలేదు. చర్చ తర్వాత తీర్మానం రాస్తే చర్చను బట్టి తీర్మానం మారే ప్రమాదం ఉంది. ముందే రాస్తే ఆ టెన్షన్ ఉండదు.

అయినా మార్చడానికి ఏముంది? 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని ముందే ముడి వేసి పంపింది. మిగిలిన 40 శాతం గురించి ఊరంతా స్వేచ్ఛగా చర్చించుకోవచ్చు. ఆ డబ్బు ఖాతాలో ఉంటే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ల కిందట ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కి భిక్షాటన చేశారు. నా దృష్టిలో అదే ఆదర్శ పరిస్థితి. ఖాతా ఖాళీగా ఉన్నప్పుడు అభిప్రాయభేదాలు రావు. ఊళ్లో ఐకమత్యం వర్ధిల్లుతుంది.

ఇక సభా ప్రాంగణం. స్కూలు ఆవరణలో షామియానా, దాని వెనుక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీదున్న ముఖాలను, ఎదురుగా కుర్చీల్లో ఉన్న ముఖాలను లెక్కపెడితే కొన్నిసార్లు ఫ్లెక్సీదే మెజారిటీ. ముందు వరుసలో అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, వెలుగు యానిమేటరు, వాళ్లు తీసుకొచ్చిన పొదుపు సంఘాల మహిళలు. వీళ్లు రాకపోతే రేపు లోను ఫైలు కదలదని ఎవరూ అనలేదు, కానీ అందరికీ వినిపించింది. నోడల్ ఆఫీసరు గంట ఆలస్యంగా వచ్చి గంటసేపు ప్రభుత్వ పథకాలు వివరిస్తారు. ఆ పథకాలు అందనివాళ్లే వాటిని శ్రద్ధగా వింటారు. తర్వాత గ్రూప్ ఫోటో. ఫోటోలో తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు పడాలి. ఆ ఫోటో మండలం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లగానే రాజ్యాంగ బాధ్యత పూర్తవుతుంది.

ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. సభ అయిపోతుందనగా లేచి నిలబడి "పోయినసారి కూడా సీసీ రోడ్డు వేస్తామని రాసుకున్నారు, ఏమైంది?" అంటాడు. ఇలాంటివాళ్లను ఎదుర్కోవడంలో మన వ్యవస్థ దశాబ్దాలుగా సాధించిన నైపుణ్యం మీద ఎవరూ పరిశోధన చేయకపోవడం బాధాకరం. సర్పంచ్ నవ్వుతూ "బాబాయ్, అది మనం మనం తర్వాత మాట్లాడుకుందాం" అంటాడు. బాబాయ్ వినకపోతే ఆఫీసరు గారు "పై అధికారుల దృష్టికి తీసుకెళ్తాం" అంటారు. అప్పటికీ కూర్చోకపోతే వెనుక నుంచి ఎవరో "నువ్వు ఏ పార్టీవో మాకు తెల్సులే, కూర్చో" అంటారు. ఈ మూడో మాటకు తిరుగు లేదు. సీసీ రోడ్డుకు పార్టీ ఏమిటని బాబాయ్ తేరుకుని అడిగేసరికి వందన సమర్పణ అయిపోతుంది.

నోటితో అడిగితే గొడవలవుతాయని గ్రహించి ప్రభుత్వాలు మాటలను కాగితం మీదకు మళ్లించాయి. 1997లో జన్మభూమి మొదలైనప్పటి నుంచి మనవాళ్లు అర్జీలు రాస్తూనే ఉన్నారు. ఆ తర్వాత రచ్చబండ, మీ కోసం, స్పందన, జగనన్నకు చెబుదాం, ప్రజావాణి, ప్రజాదర్బార్. ఏ పార్టీనీ తక్కువ చేయలేం. అధికారంలోకి వచ్చిన ప్రతివాళ్లూ పాత పేరున్న పెట్టె తీసేసి కొత్త పేరున్న పెట్టె పెట్టారు. అర్జీదారుడు మాత్రం అదే జిరాక్సు కట్ట పట్టుకుని ప్రతి సోమవారం అదే కలెక్టరేటు మెట్లెక్కుతున్నాడు. తెలంగాణలో 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పెడితే కోటీ పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. పది రోజుల్లో ఇంతమంది ప్రభుత్వంతో మాట్లాడటం అపూర్వం. ప్రభుత్వం తిరిగి మాట్లాడటానికి కాస్త టైము పడుతుంది కదా.

అది తిరిగి మాట్లాడిన రోజే కొంప మునిగింది. 2025 జనవరి 21 నుంచి నాలుగు రోజులు రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా జాబితాలను గ్రామసభల్లో చదివి వినిపించారు. అప్పటికి ఊళ్లలో సర్పంచులు కూడా లేరు. పదవీకాలం ఏడాది కిందటే ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. చదివిందేమో ప్రత్యేకాధికారుల సమక్షంలో. ఇక చూడండి, "నా పేరేది?" "మేడ ఉన్నోడికి ఇల్లెట్లా వచ్చింది?" అని జనం లేచారు. ఊరూరా వాగ్వాదాలు. మర్నాడు పేపర్లన్నీ "గ్రామసభల్లో రసాభాస" అని రాశాయి. గమనించండి, ఎవరూ మాట్లాడని సభను "ప్రశాంతం" అని రాసే పేపరే జనం మాట్లాడిన సభను రసాభాస అని రాసింది. పేర్లు పైకి చదవకుండా ఉండాల్సింది.

ఈ పైకి చదివే రోగం పాతదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్‌లో ఎవరో సామాజిక తనిఖీ అని ఒకటి పెట్టారు. పని లెక్కలను గ్రామసభే తనిఖీ చేయాలట! అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం దాన్ని సీరియస్‌గా తీసుకుని, 2009లో దానికోసం ప్రత్యేకంగా సొసైటీ కూడా పెట్టింది. ఊరి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, మస్టర్లలో (కూలీల హాజరు పట్టీల్లో) ఉన్న పేర్లను, రోజులను, కూలీని సరిచూసి, చివర్లో మైకు ముందు చదివించారు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా లేచి "నేను ఆ చెరువు గట్టు కాడికే పోలేదు, నా పేరున పైసలెవరు తిన్నారు?" అంది. చనిపోయినవాళ్లు పనికి వెళ్లినట్టు రాసిన మస్టర్లు బయటపడ్డాయి. ఫీల్డ్ అసిస్టెంట్లు సభలోనే నీళ్లు నమిలారు. ఆ సభలకు షామియానా సరిగ్గా లేకపోయినా జనం వచ్చారు. ఎవరూ పిలవకుండానే, పొదుపు లోను భయం లేకుండానే వచ్చారు. కాగితం మీద తమ పేరుంది, దాని పక్కన అంకె ఉంది, అది తప్పని చెప్పే హక్కు తమకుంది. ఇంతకంటే ప్రమాదకరమైన పౌర సంభాషణ నేనెక్కడా వినలేదు. అదృష్టవశాత్తు, తిన్నారని తేలిన సొమ్ములో వెనక్కి వచ్చింది కొంచెమే కాబట్టి వ్యవస్థ తట్టుకుని నిలబడింది.

ఈ అనుభవం నుంచి అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది పర్యావరణ అనుమతుల వాళ్లు. ఫ్యాక్టరీ పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతుంది. దాన్ని ఆసాంతం చదివితే ఒకచోట రత్నం లాంటి మాట దొరుకుతుంది. ఈ సభ మొదలుపెట్టడానికి కోరం అవసరం లేదు. ప్రజాభిప్రాయం కావాలి, ప్రజలు ఇంతమంది ఉండాలని మాత్రం లేదు. కనీసం వీడియో తీయడం తప్పనిసరి చేశారు, ఖాళీ కుర్చీలకైనా సాక్ష్యం ఉంటుంది. అయితే ఈ సభలకే మన జనం లారీలెక్కి మరీ వస్తారు. జనం కంటే ముందు బారికేడ్లు వస్తాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. దాని మీద హాస్యమాడే నోరు నాకు లేదు.

పట్నాల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. 2020లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలు పెడితే హైదరాబాదు ఓటర్లలో సగం మంది కూడా బూత్ దాకా రాలేదు. కానీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గురించి అర్ధరాత్రి దాకా జరిగే చర్చ చూస్తే వీళ్లకు నోరు లేదనలేం.

వీటన్నిటికీ శాశ్వత పరిష్కారం మన దగ్గరే ఉంది. అసలు మాట్లాడే అవసరమే లేకుండా చేయడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు, పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకు నజరానా ప్రకటించింది. 2,000 లోపు జనాభా ఉంటే 5 లక్షలు, 5,000 దాకా 10 లక్షలు, 10,000 దాకా 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. తెలంగాణలోనూ ఇలాంటి నజరానా ప్రకటించారు. ఎన్నిక జరపని ఊరికి ప్రజాస్వామ్యం పేరిట బహుమతి! ఈ స్ఫూర్తితో కొన్ని ఊళ్లు ఇంకో అడుగు ముందుకేసి సర్పంచ్ పదవికి వేలంపాట పెడుతున్నాయి, పాట డబ్బుతో గుడి కడుతున్నాయి. చట్టం ఒప్పుకోదు గానీ దేవుడు ఒప్పుకుంటాడని వాళ్ల ధీమా. నా సూచన ఏమిటంటే, ఈ నజరానాను గ్రామసభలకూ వర్తింపజేయాలి. ఏడాది పొడవునా ఒక్క ప్రశ్న కూడా రాని సభకు ఉత్తమ సభ అవార్డు, ప్రశ్న అడగబోయి కూర్చున్న బాబాయ్‌కి శాలువా.

ఇంత సాఫీగా సాగుతుండగా 2025 ఆగస్టులో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ సభాసార్ అనే ఏఐ సాధనాన్ని తీసుకొచ్చింది. గ్రామసభ ఆడియో, వీడియో ఇస్తే ఆ యంత్రమే విని మినిట్స్ రాసేస్తుందట. కార్యదర్శులకు పని భారం తగ్గించాలన్న మంచి ఉద్దేశమే. కానీ ఢిల్లీలో ఎవరూ ఒక చిక్కు గమనించినట్టు లేదు. ఆ యంత్రం రాయాలంటే సభలో ఎవరో ఒకరు మాట్లాడాలి. పైగా దానికి ఊరి రాజకీయాలు తెలియవు. "సీసీ రోడ్డు ఏమైంది" అన్న ప్రశ్ననూ, "నువ్వు ఏ పార్టీవో మాకు తెల్సులే" అన్న జవాబునూ రెండిటినీ వరుసగా రాసిపారేస్తుంది. కూలంకషంగా చర్చించారన్న మన సంప్రదాయ వాక్యాన్ని అది ఎక్కడి నుంచి తెస్తుంది?

కంగారు పడక్కర్లేదు, మన ఊళ్లలో దీనికి విరుగుడు ముందునుంచే ఉంది. మైకు సెట్టు కుర్రాడు. ఆఫీసరు ప్రసంగం పొడుగునా ఖణేల్‌మని మోగిన మైకు, జనంలోంచి చెయ్యి లేవగానే గుర్రుమని ఆగిపోతుంది. "కరెంటు పోయినట్టుంది సార్" అంటాడు కుర్రాడు, పక్కన ఫ్యాను తిరుగుతుండగా. అతనికి సభకింత అని పంచాయతీ చెల్లిస్తుంది. ఆ బిల్లు ఏ పద్దు కింద రాస్తున్నారో, ఎంత రాస్తున్నారో, వచ్చే సభలో బాబాయ్ మైకు లేకుండానే గట్టిగా అడగొచ్చు.