చోటు మణికట్టంత, కోరిక కొండంత

టాటూ ఆర్టిస్టుల మొండితనం రోజురోజుకీ ముదిరిపోతున్నా మేధావులెవరూ నోరు మెదపడం లేదు. ఒళ్లు మనది, డబ్బు మనది, ఆఖరికి నొప్పి కూడా మనదే. అయినా గీత ఎంత మందం ఉండాలో మాత్రం ఆర్టిస్టు గారు చెబుతారట!

కస్టమ్ డిజైన్ కావాలనుకునే బాధ్యత గల పౌరుడు వట్టి చేతులతో వెళ్లడు. ఇంటర్నెట్లో ఏరిన బొమ్మలు ఫోన్ నిండా పట్టుకెళ్తాడు. 'ప్రపంచంలో ఎవరికీ లేని సింహం కావాలి. అచ్చం ఈ ఫోటోలో ఉన్నట్టే ఉండాలి' అని విడమరిచి చెబుతాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? అయినా ఆర్టిస్టు గారు, 'వేరేవాళ్ల డిజైన్ కాపీ కొట్టను, అందులో మీకేం నచ్చిందో చెప్పండి' అంటారు. నచ్చిందేమిటో తెలిస్తే ఇన్ని బొమ్మలు మోసుకురావడం ఎందుకు?

అసలు చరిత్ర మన పక్షానే ఉంది. 1891లో శామ్యూల్ ఓరైలీ న్యూయార్క్‌లో పేటెంటు తీసుకున్న టాటూ మెషీన్‌కి ఆధారం ఎడిసన్ ఎలక్ట్రిక్ పెన్ను. ఆ పెన్ను పుట్టిందే కాగితాలకు కాపీలు తీయడానికి. మెషీన్‌కి లేని పట్టింపు దాన్ని పట్టుకున్నవారికి ఎందుకో!

ఇక చోటు సంగతి. మణికట్టు మీద సింహం, దాని వెనక కొండలు, ఓ దిక్సూచి, అమ్మానాన్నల పుట్టినతేదీలు, అడుగున 'సింహంలా జీవించు' అని చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం. ఇది అత్యాశా? 'కొన్నేళ్లకు ఇవన్నీ కలిసిపోతాయండీ' అని పెదవి విరుస్తారు. ఆ రంగు పైచర్మం కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున కూర్చుంటుందట. రక్షణ కణాలు దాన్ని శత్రువనుకుని మింగేస్తాయట. అరిగించుకోలేక కడుపులోనే పెట్టుకుంటాయట. అవి చచ్చిపోతే కొత్తవి వచ్చి మళ్లీ మింగుతాయట. ఇలా ఏళ్లు గడిచేకొద్దీ గీత అలుక్కుపోయి లావెక్కుతుంది. 'సింహం'లో సున్నా పూడిపోయి చుక్కవుతుంది. అంటే మన అభిరుచిని మన ఒళ్లే ఒప్పుకోవడం లేదన్నమాట. ఆర్టిస్టు గారు దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నారు, అంతే.

1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ సంగతి చూడండి. సుమారు 5,300 ఏళ్ల నాటి ఆ మనిషి ఒంటి మీద 61 టాటూలు. దాదాపు అన్నీ పొట్టి గీతలు, ఒకటి రెండు చోట్ల ఇంటూ గుర్తులు. సింహం లేదు, సూక్తి లేదు. కస్టమ్ డిజైన్ అడిగే తెలివి లేదు పాపం. అందుకే కాబోలు, ఇప్పటికీ లెక్కపెట్టగలుగుతున్నారు.

ఆర్టిస్టుకి స్వేచ్ఛ ఇవ్వలేదన్న నింద మాత్రం ఒప్పుకోం. 'మీ క్రియేటివిటీకే వదిలేస్తున్నా' అని మనస్ఫూర్తిగా అంటాం. స్కెచ్ రాగానే ఫ్యామిలీ గ్రూపులో పెడతాం. బావమరిది పిల్లిలా ఉందంటాడు. పిన్ని, మూలన ఓ పువ్వు పెడితే నిండుగా ఉంటుందంటుంది. అన్నీ కలిపి 'చిన్న మార్పు' అని రాత్రి పదకొండింటికి పంపిస్తాం. పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఉన్నంత మాత్రాన కళకు వేళాపాళా ఉంటుందా?

తీరా వెళ్తే, ముందు ఊదారంగు స్టెన్సిల్ అంటిస్తారు. చెయ్యి వదులుగా వేలాడేసి అద్దంలో చూసుకోమంటారు. చెయ్యి మడిస్తే చర్మం మెలితిరిగి సింహం మూతి వంకర పోతుందట. తుడిచి, ఇంకాస్త పైకి అంటిస్తారు. మళ్లీ చూసుకోమంటారు. అక్కడే అసలు సమస్య బయటపడింది. సింహం తల ఎటు ఉండాలి? నేను కిందికి చూస్తే నాకు నిటారుగా కనిపించాలా, ఎదుటివాళ్లకా? ఎదుటివాళ్లకే, ఒంటి మీద బొమ్మ ఒంటితోపాటే నిలబడాలి అన్నది వారి వాదన. డబ్బు నాది, బొమ్మ వాళ్లకా? సూది పక్కన పెట్టించి, ఈ విషయమూ గ్రూపులో పెట్టాను. పిన్ని ఇంకా టైప్ చేస్తోంది.