పాత కంప్యూటర్ దానమా? ముందు ఎఫ్, జె కీలు తడిమి చూడండి

ఏటా డిసెంబర్ 3, అంటే అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం దాటగానే పేపర్లలో ఒకేలాంటి ఫొటో కనబడుతుంది. వెనక బ్యానర్, అటూ ఇటూ కంపెనీ పెద్దలు, మధ్యలో ల్యాప్‌టాప్ అందుకుంటున్న అంధ విద్యార్థి. ఆ ల్యాప్‌టాప్ వయసెంతో మాత్రం ఫొటో కింద ఎవరూ రాయరు.

నచికేతుడి తండ్రి యాగం చేసి, పాలు వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానమిచ్చాడు. ఇలాంటివి ఇస్తే పుణ్యమెలా వస్తుందని కొడుక్కి అనుమానం వచ్చింది. మన ఐటీ ఆఫీసుల నుంచి సేవాసంస్థలకు వెళ్లే కంప్యూటర్లను చూసినప్పుడు నాకూ అదే అనుమానం.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అవి లేని డబ్బాలన్నీ ఇప్పుడు దాతృత్వం దారి పడుతున్నాయి. కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం డెస్క్‌టాప్‌, ల్యాప్‌టాప్‌ల ఆయుష్షు మూడేళ్లే. ఆదాయపు పన్ను లెక్కలో ఏటా 40 శాతం తరుగుదల. లక్ష రూపాయల మెషీన్ నాలుగేళ్లకు పుస్తకాల్లో రూ.12,960కి దిగుతుంది. ఆ రోజే ఇస్తే కంపెనీకి పోయేది కొంచెమే, తీసుకున్నవాళ్లకి ఇంకో మూడు నాలుగేళ్లు నడుస్తుంది. ఎనిమిదేళ్లు పిండుకుని ఇస్తే దాన్ని దానం అనకూడదు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి అప్పగించాల్సిన సరుకును ఓ చిన్న సంస్థ నెత్తిన పెట్టడం అది. నెల తిరక్కుండా ఆ తుక్కుకి దారి వెతుక్కోవాల్సింది వాళ్లే.

అసలు ‘బాగుచేసిన కంప్యూటర్’ అంటే ఎవరి కోసం బాగుచేసింది? అమ్మకానికి పెట్టేవాళ్లు ముందు స్క్రీన్ మీద గీతలు చూసి గ్రేడు ఇస్తారు. చూపులేని మనిషికి స్క్రీన్ పగిలినా నష్టం లేదు. ఆయనకు కావాల్సింది ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న గీతలు. వేళ్లు దారి పట్టేది ఆ రెండు గీతల వల్లే. అవి అరిగిపోయిన కీబోర్డుతో ఎంత కొత్త ప్రాసెసర్ ఇచ్చినా ఏం లాభం? తర్వాత స్పీకరు, హెడ్‌ఫోన్ సాకెట్. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గొంతు గరగరమంటే అక్షరం కనబడనట్టే. బధిరులకైతే లెక్క తలకిందులు. స్పీకర్ పోయినా ఫర్వాలేదు, సైగల భాషలో వీడియో కాల్ మాట్లాడటానికి కెమెరా మాత్రం శుభ్రంగా పనిచేయాలి. కండరాలు అదుపులో ఉండని సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడికి మౌస్ బదులు ట్రాక్‌బాలో జాయ్‌స్టిక్కో తగిలించడానికి యూఎస్‌బీ పోర్టులు గట్టిగా ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మనం మాత్రం అందరికీ ఒకే డబ్బా పంపి చప్పట్లు కొట్టించుకుంటాం. (2015 చివర్లో వికలాంగులు దివ్యాంగులయ్యారు. డబ్బా మారలేదు.)

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు లేదన్న సాకు కూడా చెల్లదు. ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం. దాంతో వచ్చే ఈ-స్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. యంత్రం మాట్లాడినట్టే ఉంటుంది, అయినా అలవాటైపోతుంది. దాన్ని ఎక్కించి, సెట్ చేసి, వారం రోజులు పక్కన కూర్చుని నేర్పే మనిషిని కూడా పంపండి. కంప్యూటర్ కంటే ఆ మనిషే ఖరీదు, అందుకే ఎవరూ పంపరు.

ఏమీ లేనిచోట ఏదో ఒకటి ఉంటే మేలే కదా, షరతులు పెడితే అదీ రాదు అంటారు కొందరు. డేటా బయటికి పొక్కుతుందన్న టెన్షన్ కూడా కంపెనీలకు ఉంది. డేటా భయానికి మందు తేలిక, పాత డిస్క్ తీసేసి కొత్త ఎస్‌ఎస్‌డీ వేసివ్వండి, మెషీన్ కూడా వేగం పుంజుకుంటుంది. వస్తురూపంలో ఇచ్చినదానికి విరాళాల మీద దొరికే పన్ను రాయితీ లేదన్న మాట నిజమే, దాన్ని ప్రభుత్వం సరిచేయాలి. ‘ఏదో ఒకటి’ వాదన మాత్రం నేను ఒప్పుకోను. మీ అబ్బాయి పరీక్షకు ప్రిపేర్ అవ్వడానికి ఆ మెషీన్ ఇస్తారా?

సరే, అన్నీ సక్రమంగా ఉన్న కంప్యూటరే ఇచ్చారనుకుందాం. అందులో తెలుగులో చదవడానికి ఏముంది? నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో ప్రామాణిక సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన డీటీపీ సెంటర్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లను ఇంకా వదల్లేదు. ఆ ఫైలు చూసేవాడికి చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్‌కి మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చాక కూడా సంతకం పెట్టిన కాగితాన్ని స్కాన్ చేసి, అక్షరాల్లేని ఉత్త బొమ్మగా పీడీఎఫ్‌లో పెడుతున్న ఆఫీసులున్నాయి. అలాంటి జీవో వికలాంగుల పింఛన్ గురించే అయినా, చూపులేని మనిషి తెరిస్తే అది ఆయనకు ఖాళీ పేజీ.