ఆటిజం ఉంటే ఆర్మీ గేటు దగ్గరే ఆపేయాలా?

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ కుర్రాళ్లను పంపిన ఊరది. ఆ ఊరి సంగతి అలా ఉంచినా, డెల్టాలో ఎటు వెళ్లినా తెల్లారకముందే కాలువ గట్టు మీదో కాలేజీ గ్రౌండులోనో 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లు కనిపిస్తారు. అగ్నివీర్ అంటే నాలుగేళ్లే, అందులోనూ నూటికి 25 మందినే ఉంచుతారని తెలిసి కూడా పరిగెడుతున్నారు. వాళ్లలో ఆటిజం (మెదడు ఎదిగే తీరులోని తేడా, దానివల్ల మాట, నలుగురితో కలిసే పద్ధతి వేరుగా ఉంటాయి) ఉన్న కుర్రాడు ఒకడుంటే? పరుగూ రాత పరీక్షా గట్టెక్కినా, మెడికల్‌లో ఆటిజం సర్టిఫికెట్ బయటపడిందంటే ఇంటికి రావాల్సిందే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ పెట్టి, అందులో 1 శాతం ఆటిజం, మేధోపరమైన వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివాటన్నిటికీ కలిపి ఇచ్చింది. ప్రభుత్వం ఏ సంస్థకైనా ఆ రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది. 2021 ఆగస్టులో సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లోని పోరాట విధుల పోస్టులన్నిటినీ అలాగే పక్కన పెట్టేశారు. సైన్యం విషయంలో ఈ పద్ధతి పాత చట్టం రోజుల నుంచీ ఉన్నదే.

నా గొడవ ఏమిటంటే, ఈ అడ్డు పడేది సర్టిఫికెట్ ఉన్నవాడికే. రిక్రూట్‌మెంట్ మెడికల్‌లో ఛాతీ కొలుస్తారు, కళ్లూ చెవులూ మోకాళ్లూ చూస్తారు. ఆటిజం అలా వరసలో నిలబెట్టి తేల్చేది కాదు. మన దేశంలో సర్టిఫికెట్ కోసం వాడే ఇసా స్కేలులోనే 40 అంశాలున్నాయి, ఇంట్లోవాళ్లను అడిగి, పిల్లాణ్ణి గమనించి ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేయాలి. అంటే చిన్నప్పుడే గుర్తుపట్టి డాక్టర్ల చుట్టూ తిరిగిన తల్లి కొడుకు ఆగిపోతాడు, ‘వీడి తీరే అంత, కాస్త తిక్క’ అని వదిలేసిన ఇంటి కుర్రాడు లోపలికి వెళ్లిపోతాడు. వెళ్లినవాడు కూడా సుఖంగా ఉండడు, తన ఇబ్బంది ఎవరికైనా చెబితే ఉద్యోగం ఏమవుతుందోనన్న టెన్షన్‌తోనే నెట్టుకొస్తాడు.

తుపాకీ ఉన్నచోట జాగ్రత్త వద్దా అంటారు. కావాలి, కాదని ఎవరన్నారు? మా వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే, ఆటిజం ఉన్న ఒక కుర్రాడున్నాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైంలో నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు ఆగితే రైతు మునిగినట్టే. ఇతను మీటర్ పెట్టి చూసి, అంకె నోట్‌బుక్కులో రాసి, దాని కింద స్కేలుతో గీత కొడతాడు. మోటారు శబ్దం కాస్త మారినా లేచి వెళ్లి చూస్తాడు. ప్రభల తీర్థంలో బాణసంచా మొదలైతే మాత్రం చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోతాడు. వేలమంది, విజిళ్లు, అరుపులు ఉండే రిక్రూట్‌మెంట్ ర్యాలీకి ఇతన్ని పంపమని నేననను. కానీ గంటల తరబడి తెర చూస్తూ ఎక్కడేం మారిందో పట్టుకునే పనులు సైన్యంలో బోలెడున్నాయి, వాటికి ఆ ర్యాలీ దేనికి?

ఇజ్రాయెల్ ఆ లెక్కే వేసుకుంది. అక్కడ సైనిక సేవ తప్పనిసరి, ఆటిజం ఉన్నవాళ్లకు మినహాయింపు. అయినా ముందుకొచ్చినవాళ్లకు 2013లో మొదలైన రోయిమ్ రహోక్ కార్యక్రమంలో శిక్షణ ఇచ్చి, 9900 యూనిట్‌లో ఉపగ్రహ చిత్రాలు పరిశీలించే పనిలో పెడుతున్నారు. (ఆ సైన్యం చేసే యుద్ధాల మీద నా అభిప్రాయం వేరు, అది ఇక్కడ వద్దు.) అమెరికాలో ఆటిజం అనర్హతే గానీ, వేవర్ (ప్రత్యేక మినహాయింపు) అడిగే దారి ఒకటుంది. ఇది చదివి ఆటిజం అంటే మేధావి అని వాట్సాప్‌లో తిప్పకండి, దయచేసి. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి అలాంటి ప్రత్యేక శక్తులేం ఉండవు, అసలు మాటే రానివాళ్లున్నారు.

2021 డిసెంబర్‌లో మానసిక అనారోగ్యం ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో సుప్రీంకోర్టు, ఉన్న పనికి సరిపోకపోతే జీతం తగ్గించకుండా వేరే పోస్టు ఇవ్వాలనీ, అందులో ఆయుధాలు లేకుండా చూసుకోవచ్చనీ చెప్పింది. అది ఆటిజం కేసు కాదు, నిజమే. కానీ తుపాకీ అక్కర్లేని కుర్చీ బలగాల్లో ఉందని కోర్టే ఒప్పుకున్నాక, ఆ కుర్చీకి కొత్తవాడు పోటీ పడితే తప్పేంటి?

ఈలోగా, ఉన్న దారినీ వాడుకోవడం లేదు. మినహాయింపు పోరాట విధులకే. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ లాంటి చోట్ల సివిలియన్ ఉద్యోగాలకు రిజర్వేషన్ ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకు అనువైనవని కేంద్రం 2021 జనవరిలో 3,566 పోస్టుల జాబితా కూడా ఇచ్చింది. వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం క్యాంపు బయట మాటలన్నీ 6,000 రూపాయల పింఛను చుట్టూనే తిరుగుతాయి. తప్పేం కాదు, థెరపీ కోసం కాకినాడో రాజమండ్రో బస్సెక్కాలంటే ఆ డబ్బే ఆధారం. అదే కాగితంతో ఉద్యోగానికీ అప్లై చేయొచ్చని చెప్పే మనిషి మాత్రం అక్కడ ఉండడు. నోటిఫికేషన్‌లో పోస్టుకెదురుగా ఏఎస్‌డీ అని, బ్రాకెట్లో ఎం అని ఉంటే స్వల్ప ఆటిజం ఉన్నవాళ్లు అర్హులని అర్థం, వయసులో 10 ఏళ్ల సడలింపు కూడా ఉంటుంది.