మళ్లీ అదే పాటా?

తన పాట రేడియోలో వేయకుండా ఉండటానికి గాయకుడే చందా ఇచ్చిన ఉదంతం ఒకటుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో శ్రోతల విరాళాలతో నడిచే కేబీఓఓ అనే కమ్యూనిటీ రేడియో, నిధులు సేకరించే రోజుల్లో ఒక వింత హామీ ఇచ్చింది. డబ్బు పంపండి, ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఇక జన్మలో వేయం అని. అటుగా కారులో వెళ్తూ అది విన్న రాబర్ట్ ప్లాంట్ వెంటనే చందా ఇచ్చాడు. లెడ్ జెప్లిన్ అనే రాక్ బృందంలో ఆ పాట పాడింది ఆయనే. పాట మీద కోపమేమీ లేదని, ఇదివరకే విన్నాను కదా అని తర్వాత చెప్పుకున్నాడు. పాడినవాడికే మొహం మొత్తేంతగా ఒక పాటను అరగదీసింది ఎవరు? ఆ బృందం కాదు, శ్రోతా కాదు అన్నది మా అభిప్రాయం.

అరవై, డెబ్బయి, ఎనభై దశకాల రాక్ సంగీతం వేసే స్టేషన్లను అమెరికాలో ‘క్లాసిక్ రాక్’ స్టేషన్లంటారు. డాలస్ నుంచి డెట్రాయిట్ దాకా ఎక్కడ రేడియో పెట్టినా ఒకటి తగులుతుంది. ఉద్యోగానికని వెళ్లి రోజూ ఆఫీసుకు గంటల తరబడి కారు నడిపే తెలుగువాళ్లకూ ఇది తెలిసిన సంగతే. మొదట్లో కొత్తగా ఉంటుంది, హుషారుగా ఉంటుంది. కొన్నాళ్లకు ఏ పాట తర్వాత ఏది వస్తుందో ముందే చెప్పేయొచ్చు. ఈగిల్స్, ఏరోస్మిత్, ఏసీ/డీసీ, జర్నీ, బోస్టన్, లినర్డ్ స్కినర్డ్, పింక్ ఫ్లాయిడ్, మళ్లీ ఈగిల్స్. బృందాలు తక్కువని కాదు బాధ. ఒక్కో బృందం నుంచి ఆ రెండు మూడు పాటలే తిరుగుతుంటాయి. లండన్‌కు చెందిన కింక్స్ ఇరవైకి పైగా ఆల్బమ్‌లు చేసింది. రేడియో ఒక్కటే దిక్కయిన అమెరికన్ శ్రోతకు వాటిలో నాలుగైదు పాటలకు మించి తెలిసే దారి లేదు. ఐర్లండ్ బృందం థిన్ లిజీదీ అదే గతి. రాక్‌కు పునాది వేసిన చక్ బెర్రీ, సిస్టర్ రోసెటా థార్ప్ వంటి నల్లజాతి కళాకారులు ఈ స్టేషన్లలో దాదాపు వినబడరు. జిమీ హెండ్రిక్స్ ఒక్కడే అందరి తరఫునా హాజరు వేయించుకుంటాడు.

ఇదే ఎఫ్ఎం ఒకప్పుడు విసుగుకు విరుగుడుగా వచ్చింది. 1960ల మధ్య దాకా అక్కడ చాలా ఎఫ్ఎం స్టేషన్లు సొంత ఏఎం స్టేషన్ కార్యక్రమాలనే మక్కీకి మక్కీ వేసేవి. పెద్ద నగరాల్లో సగానికి మించి అలా నకలు వేయకూడదని ఎఫ్‌సీసీ, అంటే వాళ్ల ప్రసారాల నియంత్రణ సంస్థ, నిబంధన పెట్టింది. ఒక్కసారిగా ఖాళీ అయిన గంటల్లో ఏం వేయాలో యజమానులకు తోచలేదు. తోచినవాళ్లకు వదిలేశారు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేఎంపీఎక్స్ స్టేషన్‌లో టామ్ డొనహ్యూ మూడు నిమిషాల హిట్లను పక్కన పెట్టి, ఎవరూ సింగిల్‌గా విడుదల చేయని పొడుగాటి ఆల్బమ్ పాటలు వేయడం మొదలుపెట్టాడు. ఆ ఒరవడి మిగతా నగరాలకు పాకింది. 1971లో వచ్చిన ‘స్టెయిర్‌వే’ నిడివి ఎనిమిది నిమిషాలు. అప్పట్లో అమెరికాలో దాన్ని విడిగా అమ్మనే లేదు. అయినా ఇంటింటికీ చేరిందంటే ఈ ఎఫ్ఎం చలవే. ప్రభుత్వ నిబంధన అనగానే ముఖం చిట్లించేవాళ్లు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి.

ఆ స్వేచ్ఛ ఎక్కువ కాలం నిలవలేదు. డెబ్బయ్యో దశకంలోనే లీ ఏబ్రమ్స్ వంటి కన్సల్టెంట్లు వచ్చి, పాట ఎంపికను అనౌన్సర్ చేతిలోంచి తీసి జాబితాకు అప్పగించారు. 1980ల మధ్యలో మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో ఫ్రెడ్ జేకబ్స్ క్లాసిక్ రాక్ పద్ధతిని నిలబెట్టాడు. కొత్త పాటతో పనే లేని స్టేషన్ అది. వేసేవన్నీ ఇదివరకే గెలిచినవి కాబట్టి నష్టభయం లేదు.

ఈ జాబితా తయారయ్యే తీరు చూస్తే విసుగు ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. ఒక హాల్లో శ్రోతలను కూర్చోబెడతారు. ఒక్కో పాట నుంచి కొద్ది సెకన్ల ముక్క, అదీ అందరూ గుర్తుపట్టే ముక్క, వినిపిస్తారు. వాళ్లు మార్కులు వేస్తారు. ఒక్క పూటలో వందల పాటలు తేలిపోతాయి. ఆ కొద్ది సెకన్లలో గుర్తురాని పాట బాగాలేక కాదు, తెలియక ఓడిపోతుంది. ఓడిపోయింది కాబట్టి వేయరు. వేయరు కాబట్టి వచ్చేసారి పరీక్షలోనూ ఎవరికీ గుర్తురాదు. ‘వినీ వినీ విసుగొచ్చిందా’ అనే ప్రశ్న కూడా ఆ కాగితంలో ఉంటుందండోయ్. కాకపోతే అడిగేది ఎక్కువగా ఆ స్టేషన్ వింటున్నవాళ్లనే. నిజంగా విసిగినవాడు ఎప్పుడో స్టేషన్ మార్చేశాడు, వాడి మార్కులు ఎక్కడా నమోదు కావు. ఇలా ఏటా వడగట్టగా కొన్ని వందల పాటలు మిగులుతాయి. అవే రోజంతా తిరుగుతాయి.

దీనికి తోడు 1996 టెలికాం చట్టం. అంతవరకు ఒక కంపెనీ దేశం మొత్తం మీద 40 స్టేషన్లకు మించి పెట్టుకోకూడదన్న పరిమితి ఉండేది. అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో అది పోయింది. పెద్ద నగరాల్లో ఒకే యజమానికి ఎనిమిది స్టేషన్ల దాకా అనుమతి దొరికింది. కొన్నేళ్లలోనే క్లియర్ చానల్ అనే ఒక్క కంపెనీ చేతికి 1,200కు పైగా స్టేషన్లు వచ్చాయి. పక్కపక్క నగరాల్లో ఒకే జాబితా, ఎక్కడో రికార్డు చేసిన ఒకే గొంతు. పోటీ పెరిగితే వైవిధ్యం పెరుగుతుందని చట్టం తెచ్చినప్పుడు చెప్పారు. జరిగింది తలకిందులు.

పాత పాటల గొడవకు ఇంత రాద్ధాంతమా అనుకునేవారు నార్త్ డకోటాలోని మైనాట్ పట్టణం కథ వినాలి. 2002 జనవరిలో ఒక అర్ధరాత్రి దాటాక గూడ్సు రైలు పట్టాలు తప్పి అమోనియా వాయువు ఊరిమీదకు వచ్చింది. ఒకరు చనిపోయారు, ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఊళ్లోని ఆరు వాణిజ్య స్టేషన్లూ క్లియర్ చానల్‌వే. జనాన్ని హెచ్చరించమని చెప్పడానికి పోలీసులు ఫోన్లు చేస్తే స్టేషన్లో ఎవరూ దొరకలేదు. హెచ్చరిక యంత్రాన్ని పోలీసులే సరిగా ఏర్పాటు చేసుకోలేదని కంపెనీ వాదించింది. తప్పు ఎవరిదైనా కానీ, స్థానికంగా మనుషులు పల్చబడిన రేడియో ఆపదలో ఎంతవరకు అక్కరకొస్తుందో ఆ రాత్రి తెలిసింది.

పోనీ లాభాలైనా మిగిలాయా? 2017 నవంబరులో క్యుములస్ అనే మరో రేడియో కంపెనీ, 2018 మార్చిలో ఐహార్ట్ మీడియాగా పేరు మార్చుకున్న అదే క్లియర్ చానల్ దివాలా రక్షణ కోరాయి. ఐహార్ట్ నెత్తిన అప్పటికి దాదాపు 2,000 కోట్ల డాలర్ల అప్పుంది. స్టేషన్లు కొనడానికి, కంపెనీని చేతులు మార్చడానికి చేసిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. వడ్డీ కట్టాల్సినవాడు కొత్త పాటతో ప్రయోగం చేయడు. అనౌన్సర్‌ను తీసేస్తాడు, నిన్నటి జాబితానే ఇవాళా వేస్తాడు.

ఇందులో శ్రోత పాత్ర అసలే లేదా అంటే, ఉంది. తెలిసిన పాట చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది. అది లోపమేమీ కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం దశాబ్దాలుగా మన ఇళ్లలో తెల్లవారుజామున మోగుతూనే ఉంది, చాలు అన్నవాళ్లు తక్కువ. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజనిని రోజూ విన్న తరాలు ఇప్పటికీ దాన్ని తలచుకుని మురిసిపోతాయి. వాటికి ఒక వేళ ఉంది, ఆ వేళ దాటితే అవి తప్పుకుంటాయి. రెండు ప్రకటనల మధ్య ఖాళీ పూడ్చడానికి పొద్దస్తమానం వేసే పాట సంగతి వేరు. అది ఎంత గొప్పదైనా మూడో ఏటికి గారెలు చేదెక్కినట్టే చేదెక్కుతుంది. ఆ నేరం మాత్రం శ్రోత మీద వేయలేం.

అమెరికా గొడవ మనకెందుకంటే, మన పట్టణాల్లోకీ కొత్త ఎఫ్ఎంలు రాబోతున్నాయి కనుక. ప్రైవేటు ఎఫ్ఎం లేని 234 నగరాలు, పట్టణాల్లో 730 చానళ్ల ఈ-వేలానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం రిజర్వు ధర రూ.784.87 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ, మచిలీపట్నం, కర్నూలు, ప్రొద్దుటూరు, తెలంగాణలో ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ, సూర్యాపేట వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని కేంద్రం అంటోంది. పెరిగితే సంతోషమే. హైదరాబాద్ స్టూడియోలో తయారైన నాలుగు సినిమా హిట్లు, ఒక ప్రాంక్ కాల్ సూర్యాపేటలో వినిపిస్తే మాత్రం దాన్ని స్థానికం అనలేం. రాజేశ్వరరావు, పెండ్యాల నుంచి ఇళయరాజా దాకా ఉన్న సంపదలోంచి ఏరిన కాసిని పాటలనే ‘పాత బంగారం’ అంటూ తిప్పడం నగర స్టేషన్లలో ఇప్పటికే చూస్తున్నాం.

ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ప్రజల ఆస్తిని అద్దెకిచ్చేటప్పుడు షరతులు పెట్టడం జోక్యం కాదు. దేశంలోని మొత్తం చానళ్లలో 15 శాతానికి మించి ఒకే సంస్థకు ఇవ్వకూడదని ప్రైవేటు ఎఫ్ఎంల మూడో దశ విధానంలో ఉండేది, 2022లో కేంద్రం దాన్ని ఎత్తేసింది. ఒక నగరంలోని చానళ్లలో 40 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి మిగిలింది. చిన్న పట్టణాల్లో గిట్టుబాటు కాదంటూ దీన్ని సడలించమని రేపు ఒత్తిడి వస్తుంది. సడలించకూడదు. రోజులో కొన్ని గంటలైనా ఆ ఊళ్లోనే, ఆ ఊరి మనుషులతో కార్యక్రమం తయారు కావాలన్న నిబంధన లైసెన్సులోనే రాయాలి. వాతావరణం, ప్రకృతి వైపరీత్యాల సమాచారం ఇచ్చేందుకు ప్రైవేటు ఎఫ్ఎంలకు ఇప్పటికే అనుమతి ఉంది. మచిలీపట్నం, చీరాల వంటి తుపాను ఊళ్లలో అది అనుమతిగా మిగిలితే చాలదు, బాధ్యత కావాలి. రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి స్టేషన్లో ఉండాలి.

ఖర్చు ఎక్కువవుతుందనే వాదన మేము ఒప్పుకోం. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల ముచ్చట్లు, తమ పల్లె పాటలు, తమ యాసలో. వేలంలో కోట్లు పెట్టగల సంస్థలకు ఆ మాత్రం చేతకాదా?

మరో పని ప్రసార భారతి చేతిలో ఉంది. ఆకాశవాణి తెలుగు కేంద్రాల దగ్గర దశాబ్దాల లలితగీతాలు, జానపదాలు, నాటకాలు ఉన్నాయి. కొత్త చానళ్లకు వాటిని చౌకగా అందిస్తే జాబితా దానంతటదే వెడల్పవుతుంది. ప్రతి స్టేషన్ తాను ఏ పాట ఎన్నిసార్లు వేసిందో నెలనెలా బయటపెట్టాలని కూడా ఆదేశించవచ్చు. ఈ లెక్క కంపెనీల కంప్యూటర్లలో ఎలాగూ ఉంటుంది. వేలం పిలుపు పత్రంలో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. లైసెన్సు ఒకసారి ఇచ్చాక పదిహేనేళ్లు నడుస్తుంది కాబట్టి ఆ వాక్యం చేర్చాల్సింది వేలానికి ముందే.