సవరణ: బోను పెట్టే ముందు పిల్లులకు మేత ఆపడం గురించి

వీధి పిల్లులను కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స కోసం బోనులో పట్టాలంటే ముందు రోజంతా మేత ఆపాలని ఇదివరకు రాసిన సూచన ఎదిగిన పిల్లులకే వర్తిస్తుంది. కూనలను అంతసేపు పస్తు పెడితే రక్తంలో చక్కెర పడిపోయి, మత్తుమందు ఇవ్వకముందే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, వాటికి ఎంతసేపు ఆపాలో పశువైద్యులనే అడగాలి. పొట్ట కింద చనుమొనలు ఉబ్బి, వాటి చుట్టూ వెంట్రుకలు రాలి కనిపిస్తే అది పాలిచ్చే తల్లి. కూనలు ఎక్కడున్నాయో తెలిసేదాకా దాన్ని పట్టకూడదని నేను గట్టిగా కోరుతున్నాను.

ఆపరేషన్ అయిన సాయంత్రమే వదలవచ్చన్న మాటను కూడా మార్చి చదువుకోవాలి: మత్తు పూర్తిగా దిగేవరకు, కనీసం ఆ రాత్రంతా, బోనును గుడ్డతో కప్పి వెచ్చని గదిలో ఉంచి, పట్టిన చోటే విడిచిపెట్టాలి.